పసివాళ్ళ కిడ్నీ, పెద్దవాళ్ళ వాదం

మావయ్య శ్రీకాకుళం జిల్లాలో పిల్లల డాక్టరు. రిటైరవ్వాల్సిన వయసు దాటి చాలాకాలమైనా ఓపీ మానలేదు. మేనకోడలు హైదరాబాదులో ఒక జన్యు పరిశోధనశాలలో పనిచేస్తోంది. పిల్లలకొచ్చే కిడ్నీ జబ్బుల వెనక ఏ జన్యువు ఉందో వెతకడం ఆమె పని. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఒకరి పనంటే ఒకరికి అనుమానం. పండక్కి కలిసినప్పుడు ఒక పాప గురించి మొదలైన వాదన ఇది. మాటలు వాళ్ళవి. బ్రాకెట్లలో ఉన్నవి మాత్రం నావి.

మావయ్య: ఆ పాప సంగతి మీ అత్త అప్పుడే నీ చెవిన వేసినట్టుంది. రక్తం పంపమంటావని తెలుసు. పంపను.

మేనకోడలు: ఎందుకు పంపవో చెప్పు.

మావయ్య: ఎందుకేమిటి? రెండేళ్ళ పిల్ల. పొద్దున్న లేచేసరికి కళ్ళు విప్పలేనంత ఉబ్బు, పొట్టనిండా నీరు. నెఫ్రోటిక్ సిండ్రోమ్. మూత్రంలో ప్రోటీను కారిపోతోంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పూర్తి మోతాదులో ఆరువారాలు వాడించాను. లొంగలేదు. తండ్రి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో కూలి. పరీక్ష పుల్లల డబ్బా అయిపోతే మళ్ళీ కొనలేక తల్లి పాతకాలం పద్ధతిలో చూస్తోంది. గాజు గొట్టంలో మూత్రం పోసి పైభాగాన్ని స్టవ్వు మంట మీద పెడుతుంది. తెల్లబడితే రెండు చుక్కలు వెనిగరు వేస్తుంది. అప్పుడు తెలుపు విరిగిపోతే లవణాలు, అలాగే నిలబడితే ప్రోటీను. నేను చూపించింది ఒక్కసారే. రోజూ తేదీ వేసి నోటుబుక్కులో రాస్తోంది: ‘తెలుపు’, ‘తెలుపు’, ‘బాగా తెలుపు’. ఆవిడకి నువ్వు ఒక జన్యువు పేరు చెప్తే ఏం ఒరుగుతుంది?

మేనకోడలు: ముందు నువ్వివ్వబోయే మాత్ర ఆగుతుంది. స్టెరాయిడ్‌కి లొంగలేదు కాబట్టి ఇప్పుడు టాక్రోలిమస్సో సైక్లోస్పోరినో మొదలుపెడదామని చూస్తున్నావు. అవునా?

మావయ్య: అవును. పుస్తకంలో ఉన్నది అదే.

మేనకోడలు: ఒంటి రక్షణ వ్యవస్థ దారితప్పి కిడ్నీ వడపోతని పాడుచేస్తుంటే ఆ మందులు పనిచేస్తాయి. వడపోత కట్టడంలోనే లోపముంటే చాలామందిలో చెయ్యవు. అప్పుడు మిగిలేది మందు చేసే చెరుపే. వాడగా వాడగా కిడ్నీనే దెబ్బతీస్తుంది, బీపీ పెంచుతుంది, చిన్న జలుబు కూడా ఆసుపత్రి దాకా తెస్తుంది. నెఫ్రోటిక్ పిల్లల్లో నూటికి ఎనభై, తొంభై మంది స్టెరాయిడ్‌కి లొంగుతారు. వాళ్ళ రక్తం నేనడగను. లొంగనివాళ్ళ సంగతే నేను మాట్లాడేది. బోస్టన్‌లో ఫ్రీడ్‌హెల్మ్ హిల్డెబ్రాంట్ బృందం ఇలాంటి 1,783 కుటుంబాల్ని పరీక్షించి 2015లో ఫలితాలు చెప్పింది. 29.5 శాతం కుటుంబాల్లో ఒకే ఒక్క జన్యువు చెడటమే కారణమని తేలింది.

మావయ్య: అంటే నూటికి డెబ్బై కుటుంబాలకి ఏమీ తేలలేదు. అదీగాక, బోస్టన్‌కి రక్తం పంపేదెవరు? డాక్టరుకి ముందే అనుమానం ఉన్నవాళ్ళు, ఇంట్లో ఇద్దరు పిల్లలకి వచ్చినవాళ్ళు, దగ్గరి సంబంధాలవాళ్ళు. ఏరి ఏరి పంపినవాళ్ళలో ముప్పై శాతం వచ్చిందంటే, నా ఓపీకొచ్చే పిల్లల్లో అంత రాదు.

మేనకోడలు: రాదు. ఒప్పుకుంటాను. కానీ ఆ లెక్కని వయసుల వారీగా విడదీసి చూడు. పుట్టిన మూడు నెలల్లోపు జబ్బు బయటపడినవాళ్ళలో 69 శాతం మందికి జన్యువు దొరికింది. ఏడాది నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లల్లో పాతిక శాతం. టీనేజిలో బయటపడితే పదకొండు. నీ పాపకి రెండేళ్ళు, తల్లిదండ్రులది మేనరికం. నేను నీ ఓపీ మొత్తాన్నీ అడగటం లేదు. ఈ ఒక్క పాపని అడుగుతున్నాను.

మావయ్య: దొరికిందే అనుకో. మందుందా?

మేనకోడలు: కొన్నిటికి ఉంది. కణంలో కోఎంజైమ్ క్యూ10 తయారీకి సంబంధించిన జన్యువులు కొన్ని ఉన్నాయి. అవి చెడితే వచ్చే నెఫ్రోటిక్ జబ్బు, ఆ క్యూ10నే నోటిద్వారా ఇస్తే కొందరిలో వెనక్కి తగ్గుతుంది. తొందరగా పట్టుకోవాలి, అంతే.

మావయ్య: ఎంతమందిలో?

మేనకోడలు: నూటికి ఒకరు.

మావయ్య: నూటికి ఒకరు!

మేనకోడలు: ఆ ఒక్కరి ఇంట్లో నువ్వు ఈ మాట ఇలా అనవు.

(ఈ దెబ్బ తగిలింది. కానీ మావయ్య దెబ్బ తిన్నచోట నిలబడే మనిషి కాదు. వెంటనే మరో గట్టు ఎక్కాడు.)

మావయ్య: సరే, నీ నూటికి ఒకరు నీ దగ్గరే ఉండనీ. నా లెక్క విను. చిన్నపిల్లల్లో కిడ్నీలు శాశ్వతంగా దెబ్బతినడానికి అన్నిటికంటే పెద్ద కారణం నెఫ్రోటిక్ కాదు. కిడ్నీ, మూత్రనాళాలు పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడకపోవడం. సగానికి దగ్గరగా అవే. మగపిల్లాడికి మూత్రం బయటికొచ్చే దారిలో పొర అడ్డం ఉంటుంది. గర్భంలో ఉండగా స్కాన్‌లో కిడ్నీలు ఉబ్బి కనబడతాయి. స్కాన్ చేసినవాడు చూసి చెప్పాలి. కనీసం పుట్టాక ధార చూడాలి. ధారగా రాకుండా చుక్కచుక్కగా పడుతుంటే వెంటనే పంపాలి. సర్జను గొట్టం పెట్టి పొర కోసేస్తాడు. ‘బాబు ఉచ్చ ఎలా పోస్తున్నాడమ్మా?’ అని మా ఆశా కార్యకర్తలు అడగడం నేర్చుకుంటే చాలు. దానికి జన్యుశాస్త్రం అక్కర్లేదు. మూడేళ్ళు వచ్చాక ఒళ్ళు తెల్లగా పాలిపోయి, కిడ్నీ పోయాక నా దగ్గరికి తెస్తారు. అప్పుడు చూస్తే పుట్టినప్పటి నుంచీ ధార సరిగ్గా లేదంటారు. ఎవరూ అడగలేదట.

మేనకోడలు: ఇందులో నీతో వాదించేదేముంది?

మావయ్య: ఇంకా ఉంది. బీపీ. పిల్లల చేతికి సరిపడే చిన్న పట్టీ ఎన్ని ఆసుపత్రుల్లో ఉంది? పెద్దవాళ్ళ పట్టీ కడితే బీపీ తక్కువ చూపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. యూరప్‌లో 385 మంది కిడ్నీ జబ్బు పిల్లల మీద ఎస్కేప్ అని ఒక పరీక్ష చేశారు, 2009లో ఫలితాలొచ్చాయి. రామిప్రిల్ ఇచ్చి, బీపీని మామూలుగా తగ్గించేదానికంటే ఇంకా కిందికి, ఆ వయసు పిల్లల సగటు కంటే కిందికి తెచ్చారు. కిడ్నీ చెడిపోయే ముప్పు మూడోవంతు పైగా తగ్గింది. రామిప్రిల్ ఎంత? మాత్ర కొన్ని రూపాయలు. ఏ జన్యువో అడగని మందు.

మేనకోడలు: అదే రామిప్రిల్‌ని ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ అనే జబ్బున్న పిల్లలకి ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది మాత్రం జన్యువే. పిల్లాడి మూత్రంలో కంటికి కనబడని రక్తం తప్ప ఏ బాధా ఉండదు. చెవుడు తర్వాత వస్తుంది, కిడ్నీ ఇంకా తర్వాత పోతుంది. 1927లోనే ఆల్‌పోర్ట్ అనే డాక్టరు ఒకే కుటుంబంలో కిడ్నీ జబ్బూ చెవుడూ కలిసి రావడం గమనించి రాశాడు. జన్యువు 1990లో దొరికింది. ఇప్పుడు మేనమామకి కిడ్నీ పోయిందనీ, చెవుడుందనీ తెలిస్తే మేనల్లుణ్ణి పరీక్షించి ముందే మాత్ర మొదలుపెట్టొచ్చు.

మావయ్య: ‘మేనమామకి చెవుడుందా’ అని అడగడానికి కూడా జన్యు పరీక్ష అక్కర్లేదు. నోరుంటే చాలు.

మేనకోడలు: అడిగావా ఎప్పుడైనా?

మావయ్య: అడుగుతాను. నీకంటే ముందు నుంచీ అడుగుతున్నాను.

(ఇక్కడ గొంతులు కాస్త పెరిగాయి. మీ అత్త అని ఇందాక ప్రస్తావనకొచ్చిన ఆవిడ కాఫీలు తెచ్చి పెట్టి వెళ్ళింది. తర్వాత మేనకోడలు చెప్పిన ఫిన్లాండు కథ కోసమే నేనీ సంవాదం రాస్తున్నానని చెప్పాలి. అందుకే దాన్ని కుదించలేదు.)

మేనకోడలు: మావయ్యా, నీ మాటలో ఒక లెక్క దాగి ఉంది. అరుదైన జబ్బు మీద పెట్టిన ఖర్చు అరుదైన పిల్లలకే పనికొస్తుందని. అది నిజం కాదు. ఫిన్లాండు సంగతి విను.

మావయ్య: చలిదేశం కథ. చెప్పు.

మేనకోడలు: అక్కడ కొందరు పిల్లలు ఉబ్బుతోనే పుట్టేవాళ్ళు. మాయ బిడ్డ బరువులో నాలుగోవంతుకి మించి ఉండేది. పుట్టకముందే మూత్రంలో ప్రోటీను పోవడం మొదలైపోయేది. స్టెరాయిడ్ పనిచేసేది కాదు, నెలల్లో పోయేవాళ్ళు. 1950లలో హాల్మన్ అనే పిల్లల డాక్టరు దీన్ని విడి జబ్బుగా గుర్తించాడు. తర్వాత రెయ్యో నోరియో అనే ఆయన ఆ కుటుంబాల పూర్వీకుల్ని చర్చి పుస్తకాల్లో వెతికాడు. అక్కడ ప్రతి ఊళ్ళోనూ చర్చి, పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ వందల ఏళ్ళుగా రాసి పెట్టింది. 57 కుటుంబాల వంశవృక్షాలు గీసి, ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కొక్క చెడ్డ ప్రతి వస్తేనే వచ్చే జబ్బని 1966లో తేల్చాడు. ఒక పెన్ను, కాగితాలు, ఓపిక. యంత్రమేమీ లేదు.

మావయ్య: అది నాకు నచ్చే పరిశోధన.

మేనకోడలు: నచ్చుతుందని తెలుసు.  సరే. ఆ కుటుంబాల రక్తంతోనే ట్రిగ్వాసన్ బృందం 1998లో జన్యువుని పట్టుకుంది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనుకి నెఫ్రిన్ అని పేరు పెట్టారు. అప్పటిదాకా కిడ్నీ వడపోతలో ప్రోటీనుని ఆపేది ఏమిటో ఎవరికీ స్పష్టంగా తెలియదు మావయ్యా. ఒక్కొక్క కిడ్నీలో దాదాపు పది లక్షల వడపోత గుత్తులు. పెద్దవాళ్ళలో రోజుకి 180 లీటర్లు వడగడతాయి. ఆ గుత్తుల చుట్టూ పోడోసైట్ అనే కణాలు కాళ్ళు చాపుకుని కూర్చుంటాయి. కాలికీ కాలికీ మధ్య సందు నలభై నానోమీటర్లు. ఆ సందులో రెండు పక్కల నుంచీ వచ్చి మధ్యలో ముడిపడేది ఈ నెఫ్రిన్. అది లేకపోతే సందు తెరుచుకుంటుంది. రెండేళ్ళకి పారిస్‌లో ఆంటిన్యాక్ బృందం పోడోసిన్ అనే ఇంకో ప్రోటీను పట్టుకుంది, నెఫ్రిన్‌ని నిలబెట్టేది అది. ఇప్పటికి అరవై దాకా జన్యువులు బయటపడ్డాయి. వాటిలో చాలాభాగం ఆ ఒక్క కణానికి సంబంధించినవే.

మావయ్య: నా కాలంలో ఎమ్‌డీలో మాకు ‘బేస్‌మెంట్ మెంబ్రేన్‌లో విద్యుదావేశం తగ్గడం’ అని చెప్పేవాళ్ళు. పరీక్షలో అదే రాసి పాసయ్యాను.

మేనకోడలు: ఇప్పుడు అసలు సంగతి. ఫిన్లాండులో ఈ పిల్లల్ని బతికించడం నేర్చుకున్నారు. ఆల్బుమిన్ ఎక్కించి, ఎదిగేదాకా ఆపి, రెండు కిడ్నీలూ తీసేసి, డయాలసిస్ చేసి, కిడ్నీ మార్పిడి చేశారు. కొత్త కిడ్నీలో జన్యువు బాగానే ఉంటుంది కదా, మళ్ళీ జబ్బు రాకూడదు. కానీ కొందరిలో వచ్చింది. ఎందుకని చూస్తే, ఆ పిల్లల ఒంట్లో నెఫ్రిన్ అనేది పుట్టినప్పటి నుంచీ లేదు. కొత్త కిడ్నీతో వచ్చిన నెఫ్రిన్‌ని ఒళ్ళు పరాయిదనుకుని దానిమీద యాంటీబాడీలు తయారుచేసింది. అంటే నెఫ్రిన్ మీద యాంటీబాడీ ఉంటే చాలు, నెఫ్రోటిక్ రావచ్చు. ఇది 2002 నాటికే తెలుసు. దాని అర్థం పూర్తిగా తెలియడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 2022లో ఒక బృందం, 2024లో హాంబర్గ్ వాళ్ళ పెద్ద అధ్యయనం ఏం చెప్పాయో తెలుసా? నీ ఓపీకి రోజూ వచ్చే మామూలు నెఫ్రోటిక్ పిల్లలు, స్టెరాయిడ్‌కి లొంగేవాళ్ళు, ఏ జన్యులోపమూ లేనివాళ్ళు, వాళ్ళలో సగానికి పైగా పిల్లల రక్తంలో నెఫ్రిన్ మీద యాంటీబాడీలున్నాయి. జబ్బు జోరుగా ఉండి, ఇంకా మందులు పడనివాళ్ళని మాత్రమే తీసుకుంటే నూటికి తొంభై మందిలో.

మావయ్య: తొంభై?

మేనకోడలు: తొంభై. జబ్బు తగ్గితే యాంటీబాడీ తగ్గుతోంది. ఎలుకలకి నెఫ్రిన్ మీద యాంటీబాడీలు పుట్టిస్తే వాటికీ అదే జబ్బు వచ్చింది. నువ్వు స్టెరాయిడ్ ఇస్తే ఆ పిల్లలకి ఎందుకు తగ్గేదో నీకు ఇన్నాళ్ళూ తెలియదు. ఎవరికీ తెలియదు. ఎనిమిదివేల కాన్పుల్లో ఒకటిగా వచ్చే జబ్బుకోసం చర్చి పుస్తకాలు తిరగేసిన మనిషి పని, నీ ఓపీ వరండాలో వరసగా కూర్చున్న పిల్లల జబ్బుకి గుట్టు విప్పింది. ఆయన మొదలుపెట్టినప్పుడు ‘ఇది ఎంతమందికి పనికొస్తుంది’ అని నువ్వడిగుంటే ఏం చెప్పేవాడు?

(మావయ్య కాఫీ తాగాడు. నిజానికి అది అప్పటికే చల్లారిపోయింది. ఆ కథ ఆయనకి కొత్త. కొత్త విషయం ఎదురైతే చిన్నపిల్లాడిలా ముఖం వెలిగిపోయే మనిషి. వాదనలో ఉన్నాడు గనక ఆపుకున్నాడు.)

మావయ్య: బాగుంది. చాలా బాగుంది. కానీ నువ్వు నన్నొక గాటన కట్టేశావు. పరిశోధన వద్దని నేనెప్పుడన్నాను? ఫిన్లాండులో చెయ్యనీ, హైదరాబాదులో నువ్వు చెయ్యి. నా ఓపీలో, ఈ తల్లి మీద చెయ్యకంటున్నాను. ఫిన్లాండులో జన్యువు తెలిశాక వెనక ఆసుపత్రి ఉంది, ఆల్బుమిన్ ఉంది, డయాలసిస్ ఉంది. ఇక్కడ రెండేళ్ళ పిల్లకి డయాలసిస్ ఎక్కడ చేయిస్తావు? పేరు పెట్టి పంపించేస్తారు. నీ శాస్త్రానికి ఒక నమూనా దొరుకుతుంది, ఆ తల్లికి ఒక కాగితం దొరుకుతుంది.

మేనకోడలు: మన నమూనాలు లేకపోవడమే మన పిల్లలకి నష్టం. ఒకటి చెప్తాను. పోడోసిన్ జన్యువులో ఒక మార్పుంది, ఆర్229క్యూ అంటారు. యూరప్‌లో మామూలు జనంలోనే నూటికి కొందరిలో ఉంటుంది. చాలా ఏళ్ళు డాక్టర్లు దాన్ని చూసి తికమకపడ్డారు. కొందరు జబ్బుకారణం అన్నారు, కొందరు కాదన్నారు. 2014లో తేలింది. రెండు ప్రతుల్లోనూ అదే ఉన్నా ఏమీ కాదు. రెండో ప్రతిలో కొన్ని ప్రత్యేకమైన మార్పులుంటేనే అది చెడు చేస్తుంది. ఇంత సూక్ష్మం తెలియడానికి వేలమంది రక్తం కావాలి. మనవాళ్ళలో ఇలాంటి మార్పులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏవి సాధువులో ఏవి దొంగలో తెలియకపోతే, నా రిపోర్టుల్లో ‘ప్రాధాన్యం తెలియని మార్పు’ అనే గడి నిండిపోతూనే ఉంటుంది. జీనోమ్ ఇండియా వాళ్ళు పదివేలమంది జన్యుపటాలు 2025లో పరిశోధకులకి అందుబాటులో పెట్టారు. మొదటి మెట్టు అది.

మావయ్య: చూశావా? నీ నోటితోనే వచ్చింది. ‘ప్రాధాన్యం తెలియని మార్పు’. ఈ ముక్క ఆ తల్లికి ఎలా చెప్తావు? ‘అమ్మా, నీ బిడ్డలో ఒక తేడా ఉంది, అది మంచిదో చెడ్డదో మాకు తెలియదు’ అనా? డాక్టరుకే తెలియదంటే ప్రాణాంతకమనే అనుకుంటుంది.

మేనకోడలు: చెప్పడం కష్టమే.

మావయ్య: కష్టం అనకు. చెప్పకూడదు.

మేనకోడలు: దాచడం తప్పు. రెండేళ్ళ తర్వాత ఆ మార్పు చెడ్డదని తేలితే?

(దీని మీద చాలాసేపు నడిచింది. ఇద్దరూ తగ్గలేదు. నాకైతే మేనకోడలిదే సరి అనిపించింది, కానీ ఆమె ఇప్పటిదాకా ఒక తల్లికి ఎదురుగా కూర్చుని ఆ వాక్యం చెప్పలేదు. రిపోర్టు రాసి పంపుతుంది, చెప్పేది ఇంకెవరో. మావయ్య ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.)

మేనకోడలు: మేనరికం సంగతి కూడా మాట్లాడదాం. నువ్వు దాన్ని తప్పించుకుంటున్నావు.

మావయ్య: తప్పించుకోవడం లేదు, నాకు తెలిసినంత నీకు తెలియదు. ఆంధ్రలో ఈనాటికీ నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి దరిదాపు రక్తసంబంధంలోనే జరుగుతోందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. ఎందుకు చేసుకుంటారు? పొలం ముక్కలవ్వకుండా ఉంటుంది, పిల్ల కళ్ళముందుంటుంది, అత్త కొట్టదు. నీ నివేదిక ఆ ఇంటికెళ్తే ఏమవుతుందో తెలుసా? ‘మేనరికం చేసుకున్నావు కాబట్టే’ అంటారు. చేసుకున్నది ఇద్దరూ. మాట పడేది ఒక్కతే.

మేనకోడలు: ఇప్పుడు పడటం లేదా? చుట్టుపక్కలంతా ఉద్దానం ప్రాంతమే. కిడ్నీ అనే మాట వినబడితే చాలు ‘నీళ్ళ వల్ల’ అంటారు.

మావయ్య: అనరూ మరి? కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. కొబ్బరితోటల్లో పనిచేసే మనుషులు నలభై, యాభై ఏళ్ళకే డయాలసిస్ మీద పడ్డారు. కారణం ఇదీ అని ఈనాటికీ ఎవరూ తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు, హిరమండలం నుంచి నీళ్ళు తెచ్చారు. కానీ అది పెద్దవాళ్ళ జబ్బు. దానికీ ఈ పాప జబ్బుకీ సంబంధం లేదు. ఆ తల్లికి వందసార్లు చెప్పాను.

మేనకోడలు: నమ్మిందా?

మావయ్య: లేదు. బోరునీళ్ళు పట్టానని ఏడుస్తుంది. పాలు కలపడానికి ఆ నీళ్ళే వాడిందట.

మేనకోడలు: అదీ. జన్యువు దొరికితే ఆ నీళ్ళ నింద పోతుంది. నువ్వు చేసిందేమీ లేదు తల్లీ, నువ్వు పట్టిన నీళ్ళలో ఏమీ లేదు అని రుజువుతో చెప్పొచ్చు.

మావయ్య: నీళ్ళ నింద పోయి నెత్తుటి నింద వస్తుంది. నీళ్ళు మార్చుకోవచ్చు.

మేనకోడలు: (కాస్త ఆగి) ఆ మాట నిజమే. కానీ నెత్తుటి నింద తల్లి ఒక్కదాని మీద పడేది కాదు. సగం తండ్రిది. అది కూడా రుజువుతోనే చెప్పొచ్చు. అదీగాక తప్పు ఒక్క మేనరికానిదే కాదు. 2017లో మన సీసీఎంబీ జన్యుశాస్త్రవేత్త తంగరాజ్ గారు, హార్వర్డ్ వాళ్ళు కలిసి దక్షిణాసియా కులసమూహాల్ని చూశారు. 81 సమూహాలు ఫిన్లాండు జనం కంటే కూడా ఇరుకైన పూర్వీకుల గుంపు నుంచి వచ్చినవని తేలింది. ఎప్పుడో కొద్దిమందితో మొదలై, తరతరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు. బయటి సంబంధమనుకుని చేసుకున్నా కులం ఒకటైతే ఆ చెడ్డ ప్రతి రెండువైపులా ఉండే అవకాశం ఉంది. మన వైశ్యుల్లో మత్తుమందు సంగతి నీకు తెలుసు కదా.

మావయ్య: తెలుసు. ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ కొందరికి గంటలతరబడి దిగదు. మా మత్తు డాక్టర్లు ఇంటిపేరు చూసి జాగ్రత్తపడతారు.

మేనకోడలు: అదొక్కటే జన్యులోపం. ఎవరినీ నిందించకుండా, పెళ్ళి ఆపకుండా, మందు మార్చి నెగ్గుకొస్తున్నారు. నేనడిగేది అలాంటిదే.

మావయ్య: మందు మార్చడానికి ఇంకో మందు ఉంది కాబట్టి. ఇక్కడ నువ్వు మార్చేది ఏమిటి? తర్వాతి కాన్పు. ఆ తల్లికి ఇప్పుడు రెండో నెల.

(ఈ సంగతి మేనకోడలికి తెలియదు. నాకూ తెలియదు. వాదన రంగు మారిపోయింది.)

మేనకోడలు: ముందే ఎందుకు చెప్పలేదు?

మావయ్య: చెప్తే నువ్వు నన్ను మాట్లాడనిచ్చేదానివా?

మేనకోడలు: మావయ్యా, ఇప్పుడు పంపితే నాలుగైదు వారాల్లో జవాబు వస్తుంది. కారణం ఖాయంగా తేలితే, పుట్టబోయే బిడ్డకి ఉందో లేదో గర్భంలోనే చూడొచ్చు. ఏం చెయ్యాలన్నది వాళ్ళిష్టం. చట్టం గడువు వారాల్లో ఉంది. పుట్టాక తెలిస్తే ఆ ఇష్టం కూడా ఉండదు.

మావయ్య: ఇష్టం! ఆ ఇంట్లో ఇష్టం ఎవరిది? ముసలమ్మది. పాప నాయనమ్మ. పైగా ఆవిడ తన చిన్నకూతుర్ని ఈ కోడలి తమ్ముడికే ఇద్దామని మాట్లాడుకుంటోంది. ఆ కుర్రాడూ లోపం మోస్తున్నాడేమో, ఆ పిల్లా మోస్తోందేమో. నీ కాగితం వెళ్తే అదీ ఆగిపోతుంది. లేదా, ఆగదు, జరిగి ఇంకో పాప నా ఓపీకొస్తుంది. ఏది జరిగినా నేను ఈ ఊళ్ళోనే ఉండాలి.

మేనకోడలు: వాళ్ళిద్దరికీ కూడా పరీక్ష చెయ్యొచ్చు. ఇద్దరిలో ఒక్కరికి లేకపోయినా ఈ జబ్బు వాళ్ళ పిల్లలకి రాదు, పెళ్ళి నిశ్చింతగా చేసుకోవచ్చు. కాగితం ఆపేదే కాదు, చేసుకోమనేది కూడా అవ్వొచ్చు.

మావయ్య: ఇది మొదట చెప్పాల్సిన మాట. గంటసేపు ఫిన్లాండు చెప్పావు.

మేనకోడలు: నువ్వు పెళ్ళి గురించి ఇప్పుడు చెప్పావు!

మావయ్య: సరే. పంపుతాను. కానీ రిపోర్టు మెయిల్లో పంపితే ఒప్పుకోను. నువ్వే రావాలి. ఆ వరండాలో కాదు, వాళ్ళింటికి వెళ్ళి చెప్పాలి. భార్యాభర్తలిద్దరికీ, ముసలమ్మకీ కలిపి. మొగుడు లేనప్పుడు తల్లికి ఒక్కదానికి చెప్పకూడదు. టాక్రోలిమస్ మాత్రం నీ జవాబు వచ్చేదాకా ఆపుతాను, వాపుకీ బీపీకీ మందులిస్తూ ఉంటాను. అంతకంటే ఆపను.

మేనకోడలు: వస్తాను. ప్రాధాన్యం తెలియని మార్పు వస్తే అదీ చెప్తాను.

మావయ్య: చెప్పి చూడు, నేను పక్కనే ఉంటాను. ఇంకొకటి. ‘ప్రతి కాన్పుకీ పావు వంతు అవకాశం’ అని మాత్రం అనకు. నేనన్నాను ఒక ఇంట్లో. ‘అయితే నలుగురిలో ఒకరు అయిపోయారు కదా డాక్టరుగారూ, ఇంక ముగ్గురు బాగుంటారు’ అని ధైర్యంగా కన్నారు.

మేనకోడలు: మరెలా చెప్పాలి?

మావయ్య: ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు రెండు పట్టుకెళ్ళు. ఒకటి తల్లి చేతికి, ఒకటి తండ్రి చేతికి ఇచ్చి వెయ్యమను. రెండూ తెల్లగా పడితే జబ్బు. ఒకటే తెలుపైతే బిడ్డ బాగుంటాడు, లోపం మోస్తాడంతే. మళ్ళీ వెయ్యమను. ఇందాక ఏం పడిందో పిక్కకి గుర్తుండదు. పదిసార్లు వేయించు, ముసలమ్మకి నీకంటే ముందు అర్థమవుతుంది.

మేనకోడలు: చింతపిక్క కచ్చితంగా సగం సగం పడదు మావయ్యా.

మావయ్య: అది నీ పేపర్లో రాసుకో. ఇప్పుడు ఎన్ని ఎమ్‌ఎల్ తియ్యాలో చెప్పు. ఆ పిల్ల ఒళ్ళంతా వాపు, నరం దొరకడం అంత తేలిక కాదు.

మేనకోడలు: పాపకి రెండు చాలు. తల్లికీ తండ్రికీ మూడేసి. ముగ్గురివీ ఊదామూత గొట్టాల్లోనే తియ్యండి, తలకిందులుగా మెల్లగా తిప్పండి, ఊపకండి. ఐసు పెట్టెలో పెట్టి రాత్రి బండికి వేస్తే పొద్దున్నకి నాకందుతుంది.

మావయ్య: సోమవారం వస్తారు. ఆ కుర్రాడి రక్తం, ఆ పిల్ల రక్తం మాత్రం ఇప్పుడడగను. ముందు ముసలమ్మతో మాట్లాడాలి.

మేనకోడలు: ముందు వాళ్ళిద్దరితో మాట్లాడాలి. పెళ్ళి చేసుకునేది వాళ్ళు.

మావయ్య: మొదలుపెట్టావూ మళ్ళీ!